కోతిని కాసేపు వదిలేసి సుడిదోమ దగ్గరికి రండి

పరిణామం గురించి మనవాళ్ళు ఎక్కడ మాట్లాడుకున్నా మాట కోతి దగ్గర మొదలై కోతి దగ్గరే ఆగిపోతుంది. "కోతి నుంచి మనిషి వచ్చాడంటారు కదా, మరి ఇప్పుడున్న కోతులెందుకు మనుషులు కావట్లేదు?" అని ఎవరో ఒకరు అడుగుతారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతారు. అక్కడితో డార్విన్ కథ కంచికి. ఈ ప్రశ్న పెళ్ళి భోజనాల్లో విన్నాను, పలాస ప్యాసింజర్లో విన్నాను, వాట్సాప్‌లో అయితే లెక్కే లేదు. జవాబు కష్టమేమీ కాదు, కింద చెబుతాను. నా గొడవ వేరే. ఈ వాదాన్ని మనం మొదలుపెట్టిన చోటే బాగాలేదు. లక్షల ఏళ్ళు పట్టిన మార్పును ఎవరూ పక్కన నిలబడి చూడలేరు కాబట్టి దాని మీద ఎంతసేపైనా వాదించుకోవచ్చు, ఎవరి జేబూ కాలదు. శ్రీకాకుళం జిల్లాలో వరి వేసే ఏ రైతైనా ఒక్క పంటకాలంలో కళ్ళారా చూసే పరిణామం ఇంకొకటి ఉంది. దాన్ని తప్పుగా అర్థం చేసుకున్నందుకు మాత్రం ఏటా డబ్బు కడుతున్నాం.

నాది నరసన్నపేట వైపు ఎరువులు, పురుగుమందుల షాపు. పురుగుమందులు అమ్మాలంటే ఇప్పుడు అగ్రికల్చరో, కెమిస్ట్రీయో, బోటనీయో, జువాలజీయో డిగ్రీ ఉండాలని రూలు. నా బీఎస్సీ జువాలజీ అలా అక్కరకొచ్చింది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వరి పొట్టకొచ్చే వేళకు కౌంటరు దగ్గర సుడిదోమ గురించి నాకు వినబడే మాట దాదాపు ఒకటే. సుడిదోమంటే మనల్ని కుట్టే దోమ కాదు, వరి రసం పీల్చే చిన్న పురుగు.

"ఏటి బాబూ, నువ్విచ్చిన మందు కొట్టీసినా దోమ సావట్లేదు. మందుకి అలవాటు పడిపోనాది. డోసు పెంచీమంటావా?"

ఈ మాటలో సగం నిజం. మందు పనిచేయట్లేదన్నది నిజమే, ఆయన చూసి వచ్చి చెబుతున్నాడు. దోమ అలవాటు పడిందన్న సగం నిజం కాదు. ఆ సగం మీదే డోసు ప్రశ్న నిలబడి ఉంది.

సుడిదోమను చూడాలంటే గట్టు మీద నిలబడితే కనబడదు. మడిలో దిగి దుబ్బు విడదీసి కిందకు చూడాలి. నీటికి కాస్త పైన, పిలకల మొదళ్ళలో, గోధుమ రంగులో గుంపులు గుంపులుగా అంటుకుని రసం పీలుస్తుంటాయి. చెయ్యి తగిలితే పక్కకు జరిగి కాడ వెనక్కి దాక్కుంటాయి. పైన చేను పచ్చగానే ఉంటుంది. ఓ వారం పోయాక చూస్తే చేను మధ్యలో గుండ్రంగా, నిప్పంటుకుని ఆరిపోయినట్టు మాడిపోయి ఉంటుంది. గుడ్డు నుంచి మళ్ళీ గుడ్డు పెట్టే దశకు రావడానికి నెల కూడా పట్టదు. ఆడదోమ వందల్లో గుడ్లు పెడుతుంది. ఒక్క పంటలో మూడు నాలుగు తరాలు గడిచిపోతాయి. మనుషుల్లో మూడు నాలుగు తరాలంటే నూరేళ్ళ సంగతి.

ఇప్పుడొక లెక్క వేద్దాం. అంకెలు నేను ఊరికే అనుకున్నవి, పొలంలో కొలిచినవి కావు. ఒక మడిలో 10,000 దోమలున్నాయి. అందులో 10 దోమలకు పుట్టుకతోనే మందును కొంత తట్టుకునే గుణం ఉంది. మందు ఇంకా కొట్టలేదు, ఆ దోమలు మందు మొహం చూడలేదు. గుణం మాత్రం ఉంది. ఎలా వచ్చిందో తరవాత చెబుతాను. మందు కొట్టారు. మామూలు దోమల్లో నూటికి 99 చచ్చాయి, తట్టుకునే వాటిలో సగం చచ్చాయి. మిగిలినవి మామూలువి 100, తట్టుకునేవి 5. రైతు సంతోషించాడు, మందు బ్రహ్మాండం. ఆ 105 దోమలూ పిల్లల్ని పెట్టాయి. ఒక్కోదానికి 50 అనుకుంటే మామూలువి 5,000, తట్టుకునేవి 250. మళ్ళీ అదే మందు. ఈసారి మిగిలినవి 50, 125. చూశారా, లెక్క తిరగబడింది. అవి మళ్ళీ యాభై రెట్లు పెరిగితే 2,500, 6,250. మూడోసారి అదే మందు కొడితే మామూలువి 25 మిగులుతాయి, తట్టుకునేవి 3,000కు పైన.

వెయ్యికి ఒకటి ఉన్న గుణం మూడు పిచికారీల్లో నూటికి 99 అయింది. ఏ దోమ ఏ దోమతో జత కట్టిందన్న లెక్క నేను పక్కన పెట్టాను, అది కలిపితే అంకెలు కాస్త మారతాయి, దారి మారదు. ఈ మొత్తం కథలో ఒక్క దోమ కూడా అలవాటు పడలేదు. చచ్చేది చచ్చింది, బతికేది బతికింది, బతికినదాని పిల్లలు తల్లిలాగే పుట్టాయి. మారినది దోమ కాదు, మడిలో ఉన్న దోమల జనాభా. పరిణామం గురించి పుస్తకాల్లో ఎన్ని పేజీలున్నా దాని గుండెకాయ ఇదే. పిల్లల మధ్య పుట్టుకతో తేడాలుంటాయి, ఆ తేడాల్లో కొన్ని తరవాతి తరానికి అందుతాయి, అందరూ బతికి బట్టకట్టరు, ఎవరు బతుకుతారన్నది ఆ తేడాల మీద కొంత ఆధారపడుతుంది. 1858లో డార్విన్ చెప్పింది, ఆయనతో పాటే ఇంకో బ్రిటిష్ శాస్త్రవేత్త వాలెస్ చెప్పింది ఇదే. జన్యువులంటే ఏమిటో ఆ ఇద్దరికీ తెలియదు. తెలియకుండానే అక్కడిదాకా వెళ్ళారు.

ఇక ఆ పది దోమలకు ఆ గుణం ఎక్కడిది? ఇమిడాక్లోప్రిడ్ విషయంలో శాస్త్రవేత్తలు దీన్ని జన్యువు దాకా పట్టుకున్నారు. 1990లలో వచ్చిన మందు అది. 2000ల మధ్యకల్లా ఆసియాలో చాలా దేశాల్లో సుడిదోమ దాన్ని తట్టుకోవడం మొదలుపెట్టింది. దోమ ఒంట్లో విషాలను విరగ్గొట్టే ఎంజైములు చాలా ఉంటాయి. వాటిలో ఒకదాని జన్యువు కొన్ని దోమల్లో నకలై రెండయింది. ఒక నకలు పాత పని చేస్తూ ఉండగా ఇంకొకటి చిన్న చిన్న మార్పులకు లోనై ఈ మందును విరగ్గొట్టే పనిలో ఆరితేరింది. నకలు తీయడంలో జరిగే ఇలాంటి పొరపాట్లు ప్రతి జీవిలో, ప్రతి తరంలో జరుగుతూనే ఉంటాయి. చాలావాటి వల్ల ఒరిగేదేమీ లేదు, కొన్నింటి వల్ల నష్టం. మందు కొట్టే కాలం వచ్చింది కాబట్టి ఈ ఒక్కటి అదృష్టం అయింది. దోమకు మన మందు సంగతి తెలిసి జాగ్రత్తపడిందనుకుంటే అది పురాణమే అవుతుంది.

ఒక మాట మధ్యలో. కనబడే ప్రతి మార్పూ పరిణామం కాదు. సుడిదోమలో పొట్టి రెక్కలవి, పొడుగు రెక్కలవి అని రెండు రకాలు చూస్తాం. అదే తల్లి పిల్లలే ఇలానూ కావచ్చు, అలానూ కావచ్చు. చేను లేతగా ఉండి తిండి బాగా ఉంటే పొట్టి రెక్కలతో పెరిగి అక్కడే గుడ్లు పెడతాయి. గుంపు ఎక్కువై చేను ముదిరితే పొడుగు రెక్కలతో పెరిగి ఎగిరిపోతాయి. అక్కడ జన్యువులు అవే, పరిస్థితిని బట్టి ఒళ్ళు తయారవడం వేరు. ఈ తేడా తెలియకే "అలవాటు" అనే ఆలోచన మనకు అంత సహజంగా తోస్తుంది.

డోసు దగ్గరికి వద్దాం. అలవాటు పడిన దోమకు డోసు పెంచితే దెబ్బ తగులుతుందని రైతు అనుకుంటాడు. కానీ జరిగేది వేరు. పెంచిన డోసుకు మిగిలిన ఆ కాసిని మామూలు దోమలు పోతాయి, వాటితో పాటు దోమను తినే సాలీళ్ళు, మిరిడ్ నల్లులు పోతాయి. అందరికంటే గట్టి దోమకు పోటీ లేదు, తినేవాడూ లేడు. ఇంకొందరు తెలివిగా మందు మారుస్తారు. ఇమిడాక్లోప్రిడ్ మానేసి థయామెథాక్సమ్ తీసుకెళ్తారు, అది కాదని డైనోటెఫ్యూరాన్. పేర్లు వేరు, డబ్బాల మీద బొమ్మలు వేరు, దోమ ఒంట్లో మూడూ తట్టేది ఒకే తలుపు. మందు మార్చడమంటే పనిచేసే తీరు మార్చడం. పైమెట్రోజిన్ తీరు వేరు, బుప్రోఫెజిన్ తీరు వేరు. బ్రాండు మారిస్తే మారేది నాకొచ్చే కమిషన్. మందులమ్మే నేను ఈ మాట రాయడం కడుపు కొట్టుకోవడమే, కానీ అక్టోబరులో తిట్లు తినేదీ నేనే.

వరి ఊడ్చేటప్పుడు ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమని, యూరియా తగ్గించమని, మధ్యలో మడి ఆరబెట్టమని వ్యవసాయాధికారులు గొంతు చించుకుని చెబుతుంటారు. ఇవన్నీ దోమను మందుతో పని లేకుండా ఇబ్బంది పెట్టే మార్గాలు. మందు వాడకం తగ్గేకొద్దీ మందును తట్టుకునే గుణానికి విలువ తగ్గుతుంది. పత్తిలో అయితే ఇంకా విచిత్రం జరిగింది. కాయతొలుచు పురుగును చంపే విషం తన ఒంట్లోనే తయారయ్యేలా మార్చిన బీటీ పత్తి 2002లో వచ్చింది. 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల మామూలు పత్తి విత్తనం చిన్న ప్యాకెట్‌లో ఇచ్చేవారు, చేను చుట్టూ వేయమని. పురుగు హాయిగా తిని బతకాలని వేసే పత్తి అది. అక్కడ బతికిన మామూలు పురుగులు, బీటీని తట్టుకున్న ఒకటీ అరా పురుగులతో జతకడితే ఆ గుణం పలచబడుతుంది. ఎంత తెలివైన ఆలోచన! పురుగును పెంచడానికి విత్తనమేమిట్రా అని చాలామంది ఆ ప్యాకెట్ గట్టు మీదే పారేశారు. రైతును తప్పుపట్టలేను, ఎందుకు వేయాలో ఆయనకు పరిణామం తెలిస్తే కదా అర్థమయ్యేది. 2010 కల్లా గుజరాత్‌లో గులాబీ రంగు కాయతొలుచు పురుగు మొదటి రకం బీటీని తట్టుకుంటోందని తేలింది.

నేను పైన వేసింది బొమ్మలాట లెక్క. అసలైన లెక్క వేసినవాడికి మన ప్రాంతంతో చుట్టరికం ఉంది. ఇంగ్లండులో సీతాకోకచిలుకల్లాంటి ఒక రకం చిమ్మటల్లో బూడిద మచ్చలవి ఎక్కువ, నల్లవి అరుదు. మాంచెస్టర్ దగ్గర 1848లో నల్లది ఒకటి పట్టుకున్నారు. ఫ్యాక్టరీల మసితో చెట్ల మొదళ్ళు నల్లబడ్డాయి, ఆ నలుపు మీద నల్ల చిమ్మట పిట్టల కంట పడలేదు. 1895 కల్లా అక్కడ నూటికి 98 నల్లవే. ఇంత వేగంగా మారాలంటే నల్లవాటికి బతుకులో ఎంత మేలు జరిగి ఉండాలని 1924లో లెక్కగట్టినవాడు బ్రిటిష్ జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్. మసి తగ్గాక అక్కడ మళ్ళీ బూడిద రంగు చిమ్మటలే పెరిగాయి, అదీ చూడండి. ఈ హాల్డేన్ 1957లో మన దేశానికి వచ్చేసి, పౌరసత్వం తీసుకుని, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో పోయాడు. పోయాక తన ఒళ్ళు వైద్య విద్యార్థులకు పనికి రావాలని రాసి పెట్టాడు. ఆ ఒళ్ళు చేరింది కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి. భువనేశ్వర్‌కీ కాకినాడకీ నడుమ ఉన్న జిల్లాల్లో చదువుకున్న నాకు మూడేళ్ళ జువాలజీలో ఈ మాట ఒక్క లెక్చరరూ చెప్పలేదు.

ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. 1949లోనే. మలేరియా ఎక్కువున్న చోట్ల కొన్ని రక్త జబ్బుల జన్యువులు పోకుండా నిలబడటానికి మలేరియాయే కారణం కావచ్చునని. అది థలసీమియా గురించి అన్నాడు. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకరపోయే సికిల్ సెల్ విషయంలో ఆలిసన్ అనే వైద్యుడు 1954లో ఆఫ్రికాలో దాన్ని చూపించాడు. తల్లి నుంచో తండ్రి నుంచో ఆ జన్యువు ఒక్క కాపీ వస్తే మలేరియా ప్రాణం మీదకు తేవడం తగ్గుతుంది, ఇద్దరి నుంచీ వస్తే సికిల్ సెల్ జబ్బు. జిల్లాలు విడగొట్టకముందు మావే అయిన సీతంపేట, విజయనగరం వైపు కురుపాం ఏజెన్సీల్లో మలేరియా సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు, సికిల్ సెల్ పరీక్షలు ఇప్పుడు చేస్తున్నారు. అంటే మనిషి ఈ లెక్కకు బయట లేడు. మలేరియా దోమ కుట్టి మనిషి రక్తాన్ని ఎంపిక చేసింది. మలేరియా లేని ఊళ్ళో అదే జన్యువు ఒట్టి నష్టం. మంచి జన్యువు, చెడ్డ జన్యువు అని విడిగా ఉండవు, ఎక్కడ, ఎప్పుడు అన్నది చెప్పాకే ఆ మాట.

మందులు, మసి, రోగాలు ఇవన్నీ కొత్త సంగతులు, పాత కాలంలో ఇలాంటివి లేవు కదా అనేవాళ్ళకు ఊద అనే కలుపు గడ్డి చూపిస్తాను. ఉభాల (వరి నాట్ల) తరవాత కలుపు తీసే ఆడవాళ్ళ వెనకే నడిచి చూడండి. ఊద మొక్క లేతగా ఉన్నప్పుడు అచ్చం వరిలా ఉంటుంది. అదే పచ్చదనం, అదే నిలువు, వరి దుబ్బు పక్కనే దాక్కున్నట్టు. కొత్తగా కూలికొచ్చిన పిల్ల అయితే ఊద వదిలి వరి పీకేస్తుంది. చెయ్యి తిరిగిన మనిషి ఆకును కాడ నుంచి కొంచెం వెనక్కి వంచి చూస్తుంది. వరికి అక్కడ తెల్లటి పలచని పొర ఉంటుంది, ఊదకు ఉండదు. ఆకు కాడ కలిసే చోటు నున్నగా, ఖాళీగా ఉంటుంది. అది చూసి పీకుతుంది. రోజుకు వందల సార్లు అలా చూడటం కుదరదు కాబట్టి కొన్ని తప్పించుకుంటాయి.

తప్పించుకున్నవి ఏవి? వరిలా ఎక్కువ కనబడినవి. వాటి గింజలే అక్కడ రాలతాయి, వచ్చే ఏడు అవే మొలుస్తాయి. పొలం బయట, కాలవ గట్ల మీద పెరిగే ఊద జాతి గడ్డి నేల మీద పడుకుని, ఎర్రటి కాడలతో, ఎటుపడితే అటు పాకుతుంది. మడిలోది నిటారుగా, పచ్చగా ఉంటుంది. చైనాలో యాంగ్జీ నది ప్రాంతపు ఊద మొక్కల జన్యువులు చదివి, అక్కడ ఇది ఓ వెయ్యేళ్ళ కిందట మొదలై ఉంటుందని 2019లో తేల్చారు. వెయ్యేళ్ళుగా కలుపు తీసినవాళ్ళు తమకు తెలియకుండానే, తమ కళ్ళతోనే, కలుపును వరిలా చెక్కుతూ వచ్చారు. డార్విన్ తన పుస్తకం పావురాల పెంపకంతో మొదలుపెట్టాడు, పెంచేవాడు కావాలని ఏరుకుంటాడు కాబట్టి. ఊదను ఎవరూ కావాలని ఏరలేదు, వదిలించుకుందామనే చూశారు. అందుకే నాకు పావురం కంటే ఊద మీద గురి ఎక్కువ. ఎవరి ఉద్దేశమూ లేకుండా ఎంపిక జరుగుతుందనడానికి మన మడి కంటే మంచి సాక్ష్యం లేదు.

ఇక్కడిదాకా ఒప్పుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. మా పెదమావయ్య కూడా ఒప్పుకుంటాడు. రిటైరయ్యాక, విష్ణువు తాబేలు రూపంలో ఉన్న శ్రీకూర్మం గుడికి తరచూ వెళ్తుంటాడు, చదువుకున్న మనిషి. "ఒరే నాయనా, దోమ దోమగానే ఉంది కదా, గడ్డి గడ్డిగానే ఉంది. ఇందులో కొత్త జీవి ఎక్కడ పుట్టింది? పోనీ అదే చెప్పాలంటే మనవాళ్ళు దశావతారాల్లో ఎప్పుడో చెప్పారు. ముందు చేప, తరవాత తాబేలు, తరవాత పంది, ఆపైన నరసింహం, వామనుడు" అంటాడు. ఈ వాదం ఆయన కనిపెట్టింది కాదు, పెద్ద పెద్ద చదువుల వేదికల మీద కూడా వినబడింది. నిజానికి ఆ హాల్డేనే దశావతారాల వరుస వెన్నెముక ఉన్న జీవుల చరిత్రకు స్థూలంగా పోలికగా ఉందని అన్నాడు. మావయ్య ఆ మాట పట్టుకుని నన్ను ఆడుకుంటాడు.

వరుస స్థూలంగా సరిపోతుంది, నీళ్ళలో జీవులు ముందు, నేల మీదవి తరవాత. పేచీ ఆ మెట్ల దగ్గర. మెట్ల మీద ఒకటి ఎక్కాక ఇంకొకటి, చిట్టచివర మనిషి. తాబేలు పంది కాలేదు, పందికి తాత కూడా కాదు. జన్యువులు చదివి చూస్తే బతికి ఉన్నవాటిలో తాబేలుకు దగ్గర చుట్టాలు మొసళ్ళు, పక్షులు. ధ్వజస్తంభం మీద వాలిన కాకి, కింద గుళ్ళో తిరిగే నక్షత్ర తాబేలుకు వరాహం కన్నా దగ్గరి బంధువు. చేపల్లో కూడా ఇలాంటి తమాషా ఉంది, ఊపిరితిత్తులున్న చేపలు వంజరం కన్నా మనకే దగ్గర. కోతి ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే. మీ పెదనాన్నగారి అబ్బాయి విశాఖలో స్థిరపడితే, మీరింకా ఊళ్ళోనే ఉన్నారేమని ఎవరూ అడగరు. మీరాయనకు పుట్టలేదు, ఆయన మీకు పుట్టలేదు, ఇద్దరికీ తాత ఒకడే. చింపాంజీకీ మనకూ ఆ తాత 60, 70 లక్షల ఏళ్ళ కిందటివాడు. గుళ్ళ దగ్గర మన చేతిలో కొబ్బరిచెక్క లాక్కునే కోతికీ మనకూ అయితే రెండున్నర కోట్ల ఏళ్ళ కిందటివాడు. ఆ కోతి కూడా ఆ రెండున్నర కోట్ల ఏళ్ళూ ఊరికే కూర్చోలేదు, తన దారిలో తను మారుతూనే ఉంది.

కొత్త జీవి ఎలా పుడుతుందన్న ప్రశ్నకు మావయ్య గుడి కంటే దూరం వెళ్ళనక్కర్లేదు. తాబేలు డిప్ప చూసి, ఇంత పకడ్బందీ కవచం ముక్కలు ముక్కలుగా ఎలా వస్తుంది, సగం డిప్ప వల్ల ఏం లాభం అని ఎవరికైనా అనిపిస్తుంది. 2008లో చైనా గుయ్‌జౌ ప్రాంతంలో దొరికిన శిలాజం గురించి ప్రకటించారు, వయసు 22 కోట్ల ఏళ్ళు. దానికి నిజంగానే సగం డిప్ప ఉంది! పొట్ట వైపు పలక పూర్తిగా ఉంది, వీపు మీద లేదు, అక్కడ పక్కటెముకలు వెడల్పయ్యాయి, అంతే. నోట్లో పళ్ళున్నాయి, ఇప్పటి తాబేళ్ళకు లేవు. దానికంటే పాతది, 26 కోట్ల ఏళ్ళది, దక్షిణాఫ్రికాలో ఉంది. దానికి డిప్పే లేదు, పక్కటెముకలు మాత్రం వెడల్పుగా ఉన్నాయి. వెడల్పాటి పక్కటెముకలు ఊపిరి తీయడానికి అడ్డం, పరుగుకూ అడ్డం. మరి ఎందుకు? మట్టి తవ్వేటప్పుడు ఒళ్ళు బిగువుగా నిలబడటానికని 2016లో కొందరు వాదించారు. ఆ వాదం నిలబడితే డిప్ప మొదట కవచంగా పుట్టలేదు. తవ్వుకునే జీవికి వచ్చిన వెడల్పు ఎముకలు ఆ తరవాతెప్పుడో రక్షణకు పనికొచ్చాయి.

ఇంకా నమ్మకం కుదరకపోతే మీ వీపు మీద చెయ్యి వేసి చూసుకోండి. భుజం ఎముక పక్కటెముకల పైన, చర్మం కింద కదులుతూ తగులుతుంది. వెన్నెముక ఉన్న నాలుగు కాళ్ళ జీవుల్లో భుజం ఎముక పక్కటెముకల గూడు లోపల ఉన్నది ఒక్క తాబేలుకే. గుడ్డులో పిండం పెరిగేటప్పుడు దాని పక్కటెముకలు మనకులా కిందకు వంగి గుండెను చుట్టవు, పక్కలకు సాగి వీపు చర్మంలోకి వెళ్తాయి. పాత ఎముకలే, పెరిగే దారి మళ్ళింది.

శ్రీకూర్మం నుంచి సముద్రం ఎంతో దూరం లేదు. శీతాకాలం చివర కళింగపట్నం, బారువ తీరాల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిపూట ఒడ్డెక్కి ఇసుకలో గుడ్లు పెడతాయి, విడతకు వంద పైనే. కాళ్ళు తెడ్లుగా మారాయి, వేల మైళ్ళు ఈదగలవు, ఒడ్డు మీద మాత్రం రొప్పుతూ, ఇసుక ఈడ్చుకుంటూ, కుక్కలకు భయపడుతూ పాకాలి. బతుకంతా నీళ్ళలోనే గడిపే జీవికి ఈ అవస్థ ఎందుకు? ఆ గుడ్డు నేల మీద బతికిన పూర్వీకుల గుడ్డు. నీళ్ళలో పెడితే లోపలి పిండం ఊపిరాడక చస్తుంది. ఎవరో కూర్చుని సముద్రపు జీవిని కొత్తగా గీస్తే ఇలా గీయరు. ఉన్నదాన్ని సర్దుకుంటూ వచ్చినప్పుడే ఇలాంటి పాత బాకీలు మిగులుతాయి. మన నడుం నొప్పి కూడా నాలుగు కాళ్ళ వెన్నెముకను నిలబెట్టిన బాకీయే.

దేవుడి సంగతేమిటని మావయ్య అడుగుతాడు. కూర్మనాథుడికి దండం పెట్టడానికీ, డిప్ప ఎలా వచ్చిందో తెలుసుకోవడానికీ మధ్య నాకైతే ఏ ఇబ్బందీ కనబడలేదు. దశావతారాలను జువాలజీ పాఠంగా మార్చి నిలబెడదామని చూస్తే రెంటికీ చెడతామని మాత్రం నా అభిప్రాయం. ఆ కథ పని వేరు.

నాకు అసలు కోపం ఇంకోచోట ఉంది. 2023లో కేంద్రం తరఫున పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి పరిణామం పాఠం తీసేసింది. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు అది తప్పని బహిరంగ లేఖ రాశారు. పై తరగతుల్లో బయాలజీ తీసుకున్నవాళ్ళకు ఉంటుంది కదా అన్నది జవాబు. పదో తరగతి తరవాత బయాలజీ తీసుకునేది ఎందరు? ఎంపీసీకి వెళ్ళేవాళ్ళు, కామర్స్‌కు వెళ్ళేవాళ్ళు, చదువాపి నాన్నతో పొలానికి వెళ్ళేవాళ్ళు, వాళ్ళకెప్పుడు? డాక్టరయ్యే పిల్లకు ఎలాగూ తెలుస్తుంది. అవసరం లేకుండా యాంటీబయాటిక్ మింగి మందును తట్టుకునే సూక్ష్మజీవులను పెంచే పేషెంటుకు, డోసు పెంచమనే రైతుకు, ఆ 120 గ్రాముల ప్యాకెట్ గట్టు మీద పారేసినాయనకు తెలియాలి.

పాఠం పుస్తకంలో లేకపోయినా చెప్పడానికి అడ్డేమీ లేదు. సిక్కోలు పల్లెల్లో చాలా బడుల పక్కనే వరి మళ్ళుంటాయి. ఉభాలు అయిన మూడు నాలుగు వారాలకు పిల్లల్ని గట్టు మీదకు తీసుకెళ్ళి, రైతునడిగి, ఓ చదరపు మీటరు మడిలో రెండు నిమిషాల్లో కలుపు పీకమనాలి. పీకాక మిగిలిన ప్రతి దుబ్బులో ఆకు, కాడ కలిసే చోటు వంచి తెల్ల పొర ఉందో లేదో చూడమనాలి. పొర లేనివి లెక్కపెట్టి, పీకేసిన ఊద పక్కన పెట్టి, రంగు, నిలువు, కాడ మందం పోల్చి బోర్డు మీద రాయాలి. వచ్చే ఏడు ఆ మడిలో మొలిచేది ఈ తప్పించుకున్నవాటి నుంచి రాలిన విత్తనమే.